పెదనాన్న కుండీ

మా అపార్టుమెంటులో కింది అంతస్తు ఆవిడ మొన్న చెత్తబుట్ట పక్కన ఒక పూలకుండీ పెట్టేసింది. కుండీలో ఆకు ఒక్కటి కూడా లేదు. బూడిదరంగు కొమ్మ ఒకటి నిలబడి, పైన పాయలుగా చీలి ఉంది. దేవగన్నేరు. "చచ్చిపోయిందండీ, ఎన్ని నీళ్లు పోసినా లాభం లేకపోయింది" అంది. నేను వంగి కొమ్మను బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. చావలేదనీ, చలికాలంలో అది అలాగే ఉంటుందనీ, ఎండలు ముదిరేదాకా చుక్క నీళ్లు పోయొద్దనీ చెప్పాను. ఆవిడ నమ్మీ నమ్మనట్టు కుండీని మళ్లీ లోపలికి తీసుకుపోయింది. నేను మెట్లెక్కుతుంటే ముక్కుకు ఉడికిన ధాన్యం వాసన తగిలింది. ఈ ఊళ్లో ధాన్యం ఉడకబెట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఆ వాసన ఆమదాలవలసది. అక్కడ మేము రైసుమిల్లు గోడ వెనక సందులో అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, ముందు పెంకుల వసారా, వెనక చిన్న పెరడు. కొత్త పంట వచ్చే రోజుల్లో ధాన్యం బస్తాల ట్రాక్టర్లు సందు మొగ దాకా వరసకట్టేవి. మిల్లులో ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడకబెడితే ఆ ఆవిరి గోడ దాటి వచ్చి మా బట్టలకీ, దుప్పట్లకీ, ఆఖరికి మేము తినే అన్నానికీ పట్టేది. ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా రాలేది. మామ్మ ఆ బూడిదను తిట్టుకుంటూనే పోగుచేసి అంట్లు తోమడానికి దాచేది. నాన్న ఆ మిల్లులోనే కాటా దగ్గర పనిచేసేవాడు.

తాత రైల్వేలో కీమేనుగా చేసి రిటైరయ్యాడు. రోజూ తెల్లారకముందే లేచి, భుజాన సుత్తి వేసుకుని, తన వంతు పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి బిగించడం ఆయన ఉద్యోగం. "ఒక్కరోజు సూడకపోతే ఆ రోజే బండి పడిపోతాది" అనేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. తలుపు గొళ్లాలూ, సైకిలు నట్లూ, బావి గిలకా పొద్దున్నే ఒకసారి తడిమి చూస్తేగాని టీ తాగేవాడు కాదు. అలాంటి మనిషి పెరట్లో ఒక మూలకు మాత్రం వెళ్లేవాడు కాదు. స్నానానికి వెళ్లినా అటు తల తిప్పేవాడు కాదు. ఆ మూలలో మామ్మ దేవగన్నేరు మొక్కలు ఉండేవి.

మొత్తం మూడు. ఒకటి పాత రంగు డబ్బాలో, ఒకటి అంచు విరిగిన గోలెంలో, ఒకటి సిమెంటు కుండీలో. సిమెంటు కుండీలో ఉన్నదాన్ని మామ్మ "పెద్దోడు" అనేది. నేనూ తమ్ముడూ దాన్ని "పెదనాన్న" అనేవాళ్లం.

మా నాన్నకు ముందు మామ్మకు ఒక మగపిల్లాడు పుట్టి, నెలల బిడ్డగా ఉండగానే పోయాడు. చర్చి వెనక సమాధుల దొడ్డిలో, రోడ్డువైపు గోడ పక్కన, దేవగన్నేరు చెట్టు కింద పూడ్చారు. సిమెంటు చెయ్యలేదు, రాయి పెట్టలేదు. ఆ చెట్టే గుర్తు. నేను పుట్టిన కొత్తలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడా, గోడ పక్క వరసా పోయాయి. పెద్దవాళ్ల సమాధులను చర్చివాళ్లు ఊరవతల కొత్త స్థలానికి మార్చారు. పసిబిడ్డవి మార్చడానికి ఏమీ దొరకలేదు. చెట్టు కొట్టేస్తారని తెలిసి మామ్మ ముందురోజే వెళ్లి మూడు కొమ్మలు కోయించుకుని, కొంగులో చుట్టుకుని తెచ్చింది. కొమ్మల పాలు కారి ఆ చీర మీద పడిన మచ్చలు ఎంత ఉతికినా పోలేదు. ఆమె ఆ చీరను అలాగే కట్టుకునేది.

తమ్ముడికి ఇదంతా వింతగా ఉండేది. "నెలల పిల్లోడు మాకు పెదనాన్న ఎలగవుతాడు మామ్మా? వాడికన్నా నానే పెద్దోణ్ని కదా" అని అడిగేవాడు.

"వరసకి పెద్దోడురా. ఒళ్లు ఎదగనంత మాత్రాన వరస మారిపోతాదేటి" అనేది మామ్మ. ఈ మాటలు మొదలవగానే తాత లేచి బయటికి పోయేవాడు.

మేము బడికి వెళ్తూ "పెదనాన్నా, ఎల్లొస్తాం" అని అరిచి పోయేవాళ్లం. మామ్మ చూడనప్పుడు ఆకు తుంచి, కారిన పాలతో గాలిపటాల కాగితాలు అతికించేవాళ్లం. ఒకసారి తమ్ముడు ఆ చేతులతోనే ముఖం తుడుచుకుని, బుగ్గలు కందిపోయి, చర్చిలో పాట పాడాల్సినవాడు వెనక బెంచీలో కూర్చున్నాడు. మామ్మ వాడి బుగ్గలకు కొబ్బరినూనె రాస్తూ, "పెదనాన్నని గిల్లితే ఊరుకుంటాడేటి" అంది.

సందు మొగలో కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్టు షావుకారమ్మ మామ్మకు స్నేహితురాలు. వేసవిలో రోజూ పొద్దున్న పూజకని మా పెరట్లో దేవగన్నేరు పూలు ఏరుకుపోయేది. పసుపు గొంతు తెల్లపూలు, రాత్రంతా రాలి తడిగా ఉండేవి. అవి సమాధి దగ్గరి చెట్టు పూలని మామ్మ ముందే చెప్పేసిందట. "పసిబిడ్డ పువ్వులు వదినా. దేవుడేటి అనుకుంటాడు" అందట ఆమె. పూలకు బదులుగా మా చేతుల్లో బెల్లం ముక్కలు పెట్టి వెళ్లేది.

చలి మొదలవగానే ఆకులు పసుపెక్కేవి. మామ్మ కంగారుపడేది కాదు. మూడింటినీ వంటింటి గోడ వారకు, చూరు కిందకు జరిపించేది. పొయ్యి వేడి ఆ గోడకు తగిలేది. ఆ తర్వాత వాటిని ముట్టుకోనిచ్చేది కాదు. "నిద్దరోతన్నాయి. లేపకండి" అనేది. పొద్దున్నే పొగమంచులో మేము దుప్పట్లు కప్పుకుని సోడి (రాగి) అంబలి తాగుతుంటే, ఆ మోడుల పక్కనే కూర్చుని ఆమె తేగలు ఒలిచి పెట్టేది. స్టేషనులోంచి మొదటి బండి కూత పొగమంచులో ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినపడేది. మాకు ఆ మోడులను చూస్తే దిగులుగా ఉండేది. ఆమెకు మాత్రం ఇంట్లో పిల్లలు పడుకున్నప్పుడు ఉండే నెమ్మదే ఉండేది.

నేను చెప్పే ఏడాది వానలు వెనకబట్టి, ఒక తుపాను కూడా వచ్చి పోయింది. ఆ తడిలో మామ్మకు జ్వరం తగిలి, ఆయాసంలోకి దిగింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. అమ్మ దగ్గరుంది. నన్నూ తమ్ముణ్నీ ఒకసారి చూపించారు. మామ్మ ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. మా తలలు నిమిరి, తాత వైపు చూసి, ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"మొక్కల్ని సూసుకో. పెద్దోడు జాగ్రత్త."

తాత తల ఊపాడు. ఎలా చూసుకోవాలో ఆయన అడగలేదు, చెప్పే ఓపిక ఆమెకు లేదు. రెండు రోజులకు మామ్మను ఊరవతల కొత్త సమాధుల స్థలంలో పూడ్చి వచ్చాం. చుట్టాలు వెళ్లిపోయిన పొద్దున్న, తాత మొదటిసారి ఆ మూలకు వెళ్లాడు. తలుపు దగ్గర నిలబడి నేను చూస్తున్నాను. చాలాసేపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆకులు అప్పుడే పసుపెక్కుతున్నాయి. ఆయన కళ్ల ముందే ఒకటి రాలింది. తాత గబగబా బావి దగ్గరికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు.

ఆ రోజు నుంచీ పొద్దునా సాయంత్రమూ నీళ్లే. నీళ్లు పోసినకొద్దీ ఆకులు రాలాయి. ఆకులు రాలినకొద్దీ ఆయన ఇంకా పోశాడు. చూరు కింద ఎండ లేదని వాటిని ఆరుబయటికి ఈడ్చాడు. మేకల ఎరువు తెచ్చి మొదళ్లలో కూరాడు.

"తాతా, సలికాలం మామ్మ నీళ్లు పోసీది కాదు" అన్నాను ఒకరోజు.

"ఆకులు పండిపోయి రాలిపోతంటే దాహమేసినట్టు కాదేటి. పొయ్యకుండా ఎలగుంటామే."

"నిద్దరోతన్నాయనీది."

"మొక్కకి నిద్దరేటి. మీ మామ్మ మిమ్మల్ని ఆడించడానికి అలగ సెప్పుంటాది" అని ఇంకో చెంబు పోశాడు.

ముందు రంగు డబ్బాలోది పోయింది. కొమ్మ మొదట్లో తోలు ముడతలు పడి, నొక్కితే మగ్గిపోయిన అరటిపండులా వేలు లోపలికి దిగింది. వారం తిరగకుండా గోలెంలోది కూడా అలాగే వాలిపోయింది. నాన్న రెంటినీ పీకి, గోడవతల ఊకకుప్పలో పారేసి వచ్చాడు. తాత ఆ పూట అన్నం దగ్గర కూర్చోలేదు. పెరట్లో సిమెంటు కుండీ దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాడు. నాన్న వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"వదిలీ నాన్నా. సచ్చిపోయినదాన్ని ఎన్నాళ్లు సాకుతావు."

తాత తల ఎత్తకుండానే, "సచ్చిపోనాడని నీకెవలు సెప్పేరు" అన్నాడు.

నాన్న లోపలికి వచ్చి, కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూనే ఉండిపోయాడు. అమ్మ కూర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాడు షావుకారమ్మ తేగల కట్ట పట్టుకుని వచ్చింది. మామ్మ పోయాక ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. పెరట్లో తాత చెంబుతో నిలబడి ఉండడం చూసి, ఖాళీగా ఉన్న రెండు చోట్లూ చూసింది. తేగలు అమ్మ చేతికిచ్చి, తిన్నగా వెళ్లి తాత చేతిలోంచి చెంబు తీసుకుంది.

"నీళ్లు తాపి సంపేస్తన్నావు అన్నాయ్."

"మరేటి సెయ్యమంటావమ్మా."

"ఏటీ సెయ్యకు. వదిన ఈ సలి పోయేదాకా సుక్క పోసీది కాదు. నానోసారి జాలిపడి పోస్తే నన్ను తిట్టిపోసినాది."

"ఏటీ సెయ్యకుండా ఎలగ" అన్నాడు తాత. ఆయన గొంతులో అంత బేలతనం నేనెప్పుడూ వినలేదు. "నన్ను సూసుకోమనీసి ఎల్లిపోనాది కదా."

షావుకారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత కింద కూర్చుని కొమ్మ మొదలు నొక్కి చూసి, ఇది ఇంకా గట్టిగానే ఉన్నాదంది. మట్టి మాత్రం బురదైపోయిందనీ, తీసేయాలనీ చెప్పింది. ఇద్దరూ కలిసి కుండీని పక్కకు వంచి మొక్కను బయటికి తీశారు. వేళ్లలో సగం నల్లబడి ఉన్నాయి. తాత తన చిన్న కత్తితో కుళ్లిన వేళ్లను ఒక్కొక్కటే కోశాడు. మిగిలినదాన్ని గోనెపట్టా మీద, వసారాలో గాలి తగిలేచోట పడుకోబెట్టారు.

ఆ సాయంత్రం నేను హోంవర్కు పుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. గోనెపట్టా మీద ఆ కొమ్మ ఒక పసివాడంత ఉంది. నేనేమీ అడగలేదు. ఆయనే చెప్పాడు.

"పెద్దోడు పోయినప్పుడు వానలకి లైను కట్ట కొట్టుకుపోతే గేంగునంతా అక్కడికి పంపీసినారు. కబురు నాకందేసరికి ఇక్కడ పూడ్సీసినారు. ఆడ్ని సరిగ్గా ఎత్తుకోనైనా లేదు. నాను డూటీకెల్లినప్పుడు నిద్దరలో ఉండీవోడు. వచ్చినప్పుడూ నిద్దరలోనే ఉండీవోడు. లేపితే మీ మామ్మ కసిరీది."

గోనెపట్టా అంచు మడత విప్పి సరిచేశాడు.

"మీ మామ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుణ్ను. ఆ సెట్టు దగ్గరకెల్లడానికి నాకు మొకం సెల్లలేదు. మొక్కలు ఇంటికొచ్చినాక కూడా సెల్లలేదు."

ఇంట్లో ఇన్నేళ్లుగా మామ్మ ఆ బిడ్డ గురించి అంత మామూలుగా మాట్లాడుతుంటే తాత ఎందుకు లేచి బయటికి పోయేవాడో నాకు అప్పుడు తెలిసింది.

వేళ్లు ఆరాక తాత సైకిలు మీద నాగావళికి వెళ్లి సంచీతో ఇసక తెచ్చాడు. అందులో కొంచెం మట్టి కలిపి, కుండీ అడుగున పెంకులు వేసి, మొక్కను నిలబెట్టాడు. చెంబు తీసుకెళ్లి అటక మీద పెట్టించాడు, చేతికి అందకుండా. ఇక ఆయన చెయ్యగలిగింది ఒక్కటే. పొద్దున్నే లేచి బొటనవేలితో కొమ్మను నొక్కి చూసేవాడు. గట్టిగా ఉంటే టీ తాగేవాడు. సాయంత్రం మంచు పడకముందే కుండీని వసారాలోకి జరిపి, మామ్మ పాత దుప్పటి చుట్టేవాడు. మంచు మరీ ఎక్కువైన రోజుల్లో లోపలికి తెచ్చి తన మంచం పక్కనే పెట్టుకునేవాడు. నాన్న చూసి, దానికి చోటిచ్చి తన చెప్పులు పక్కకు తీసుకునేవాడు.

ఆ ఏడు క్రిస్మసుకు మేము నక్షత్రం కట్టలేదు. అమ్మ మా కోసం కాసిని పాకుండలు వండింది. పొద్దువాలుతుండగా చర్చి పాటలవాళ్లు వచ్చి వసారాలో నిలబడ్డారు. చోటు చాలక ఒకరిద్దరు కుండీని ఆనుకుంటే తాత లేచి అడ్డం నిలబడ్డాడు. పాట అయ్యాక పాస్టరుగారు అలవాటు ప్రకారం అడిగారు. "ప్రత్యేకంగా ఎవరి కోసం ప్రార్థన చెయ్యమంటారు?"

ప్రార్థనలప్పుడు ఎప్పుడూ నోరు తెరవని తాత అన్నాడు. "మా పెద్దోడి కోసం."

కొత్తగా వచ్చిన పాస్టరుగారికి మా ఇంటి సంగతులు తెలియవు. మా నాన్నే పెద్దకొడుకనుకున్నారు. నాన్న తల మీద చెయ్యి వేసి, అతని ఆరోగ్యం కోసం, మిల్లులో ఉద్యోగం కోసం, భార్యాబిడ్డల కోసం చాలాసేపు ప్రార్థించారు. మాలో ఎవరూ కాదనలేదు. నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. అందరూ ఆమెన్ అన్నాక కూడా తెరవడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

జనవరిలో కొమ్మ కొస నల్లబడింది. తాత వెళ్లి షావుకారమ్మను పిలుచుకొచ్చాడు. నలుపు కిందికి దిగకుండా కోసెయ్యాలంది ఆమె. తాత కత్తి పెట్టాడు గాని, చెయ్యి ఆడలేదు. నాన్న ఆయన చేతిలోంచి కత్తి తీసుకుని ఒక్క వేటున కొస తెంపాడు. అందరం చూస్తున్నాం. ముందు ఏమీ లేదు. తర్వాత కోసినచోట అంచు వెంట తెల్లగా చుక్కలు కట్టాయి.

"పాలు" అన్నాడు తాత.

పీట మీద కూర్చుండిపోయాడు. నాన్న ఆ కత్తిని లుంగీకి తుడుచుకుని, కోసినచోట బూడిద అద్దాడు. మామ్మ దాచిన ఊక బూడిద ఇంకా డబ్బాలో ఉంది.

ఆ తర్వాత కూడా చాలా రోజులు ఏమీ జరగలేదు. పొగమంచు పోయింది. మిల్లులో ధాన్యం హడావుడి తగ్గింది. పరీక్షల కోసం మేము పెరట్లో కూర్చుని చదువుకునే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం తమ్ముడు లెక్కలు వదిలేసి కుండీ దగ్గరికి వెళ్లి, "తాతా, పెదనాన్నకి గోరొచ్చినాది" అని పిలిచాడు. కొమ్మ చివర, పసిపిల్లల గోరంత, ఎర్రటి అంచుతో పచ్చటి మొన. తాత కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత నాన్న చేత అటక మీది చెంబు దింపించి, అందులోంచి దోసిటితో తీసి, మొదట్లో పోశాడు. ఒక్క దోసెడే. ఇంకా పొయ్యమని తమ్ముడు అడిగితే, "సాల్రా. ఇప్పుడే లేచినాడు" అన్నాడు.

ఆ ఏడు పువ్వు పూయలేదు. తర్వాతి వేసవికి పూసింది. ఒకటే గుత్తి. షావుకారమ్మకు మొదటి పువ్వు తాతే తీసుకెళ్లి ఇచ్చాడు. వానలు పడి నేల మెత్తబడ్డాక, ఒక ఆదివారం, దాన్ని కుండీలోంచి తీసి మామ్మ దగ్గర నాటేద్దామన్నాడు. మేమెవరం ఊహించలేదు. ఆయన ఆ కుండీని వదిలి ఉండలేడనుకున్నాం.

ఆటో కట్టించుకుని వెళ్లాం. నాన్న గొయ్యి తీశాడు. తాత మొక్కను దింపి, మట్టి కప్పి, అరచేత్తో చుట్టూ అదిమాడు. "ఇంక నువ్వే సూసుకో" అన్నాడు మామ్మతో.

తిరిగి వస్తుంటే ఆటోలో ఖాళీ కుండీ నా కాళ్ల దగ్గర దొర్లుతోంది. తాత రోడ్డు వైపు చూస్తూ ఉన్నట్టుండి ఒక పేరు చెప్పాడు. అది బైబిల్లో ఉన్న పేరే. ఎవరిదో మాకు అర్థం కాలేదు.

"ఆడి పేరు" అన్నాడు. "నానే పెట్టేను. సర్చిలో అందరి ముందూ సెప్దామనుకున్నాం. ఆ ఆదివారం దాకా ఉండలేదు."

ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్న నాన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆయనకు కూడా అది తెలియదు. ఇన్నేళ్లూ ఆ పేరు ఆ ఇద్దరి దగ్గరే ఉంది. పెద్దోడు అని మామ్మ పిలిచిన ప్రతిసారీ ఆ మాట వెనక ఇంకొకటి ఉండేదన్నమాట.

తాత ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నాడు. మిల్లు మూతపడింది. సందులో పెంకుటిళ్లు తీసేసి మేడలు కట్టారు. మేము ఊరు మారాం, షావుకారమ్మ కొట్టు ఆమె మనవలు సెల్‌ఫోన్ల దుకాణం చేశారు. ఆ పెరడు ఎక్కడుండేదో నిలబడి చూపించమంటే ఇప్పుడు నేను చూపించలేను.

తాత పోయాక ఆయన్ను మామ్మ పక్కనే పూడ్చాం. అప్పటికి దేవగన్నేరు నా భుజం దాటి ఎదిగింది. ఇద్దరికీ కలిపి ఒకే రాయి చేయించాడు నాన్న. చెక్కేవాడు చాక్‌పీసుతో రాసుకుంటున్నాడు. తాత పేరు, తేదీలు. మామ్మ పేరు, తేదీలు. కింద ఇంకో పేరు చెక్కమని నాన్న చెప్పాడు.

అతను రాసుకుని, "దీనికి తేదీలు సెప్పండి బాబూ" అన్నాడు.

"తెలీవు. పేరు సాలు."

"ఎవలిది బాబూ ఈ పేరు?"

నాన్న రాయి మీద అరచెయ్యి ఆనించాడు. ఆ మాట అంతకుముందు ఆయన నోటి వెంట ఎప్పుడూ రాలేదు.

"మా అన్నది" అన్నాడు.